సర్కస్ కనిపెట్టింది ఎవరు? మా అమ్మాయి ప్రాజెక్టు మీద ఎర్ర సిరా గీత

గోదారి_గట్టు
మా అమ్మాయి ఎనిమిదో తరగతి. బడిలో 'సర్కస్ పుట్టుక' మీద ప్రాజెక్టు చేయమన్నారు. గడ ఎక్కే దొమ్మరులు, తాడు మీద నడిచేవాళ్ళు, మోళీ కట్టేవాళ్ళు మన ఊళ్ళలో ఎప్పటినుంచో ఉన్నారు, కాబట్టి సర్కస్ మొదట మన దగ్గరే పుట్టింది అని రాసింది. ఆ వాక్యం మీద టీచరు ఎర్ర సిరాతో అడ్డంగా గీత కొట్టి, పక్కన 'ఫిలిప్ ఆస్ట్లీ, లండన్, 1768' అని రాశారు. పిల్ల రెండు రోజులుగా ముఖం ముడుచుకుని కూర్చుంది. నాకూ తప్పేమిటో అర్థం కాలేదు. అదే తాడు, అదే గడ, అదే పిల్లిమొగ్గ. పేరొక్కటే కదా వేరు? తెలిసినవాళ్ళు కాస్త విడమరచి చెప్పండి.

చదువరి
టీచరు రాసింది తప్పు కాదండీ. ఆస్ట్లీ గుర్రపు దళంలో పనిచేసి వచ్చిన సార్జెంట్ మేజర్. 1768లో లండన్‌లో గుర్రపు స్వారీ విన్యాసాలు మొదలుపెట్టాడు. గుర్రాల ఆటకీ ఆటకీ మధ్య జనం లేచిపోకుండా తాడు మీద నడిచేవాళ్ళని, దొమ్మరాటలవాళ్ళని, విదూషకుణ్ణి తెచ్చిపెట్టాడు. ఆ కలగలుపే సర్కస్. కాకపోతే ఆ పేరు ఆయన పెట్టింది కాదు. 1782లో ఆయనకు పోటీగా చార్లెస్ హ్యూస్, చార్లెస్ డిబ్డిన్ కలిసి పెట్టిన 'రాయల్ సర్కస్' నుంచి వాడుకలోకి వచ్చింది.

కడప_కారం
అంటే మనవాళ్ళు చేసిందంతా ఆటే కాదా? ఆయన 'తెచ్చిపెట్టుకున్న' తాడువాళ్ళు అంతకుముందు నుంచే ఉన్నట్టు మీరే చెబుతున్నారు. ఉన్నవాళ్ళను ఒకచోట నిలబెడితే కనిపెట్టినట్టు ఎలా అవుతుంది?

లెక్కల_మాస్టారు
కడప_కారం గారూ, ఆస్ట్లీ నిజంగా తేల్చింది ఒకటుంది. అది గుండ్రని బరి. గుర్రం వలయంగా పరుగెడుతుంటే, దాని వీపు మీద నిలబడ్డవాడు లోపలికి వాలి నిలదొక్కుకోగలడు. తిన్నటి దారిలో అంత తేలిక కాదు. బరి మరీ చిన్నదైతే గుర్రం తిరగలేదు, మరీ పెద్దదైతే ఆ వాలు దొరకదు. చివరికి అడ్డకొలత 42 అడుగుల దగ్గర కుదిరింది. ఇప్పటికీ చాలా సర్కసులకు అదే కొలత.

పిల్లకు ఈ లెక్క చూపించండి. 42ని 22/7తో గుణిస్తే చుట్టుకొలత సరిగ్గా 132 అడుగులు, అంటే దాదాపు 40 మీటర్లు. గుర్రం సెకనుకు 5 మీటర్లు పోతుందనుకుంటే ఒక చుట్టుకు 8 సెకన్లు. వ్యాసార్ధం 6.4 మీటర్లు. వేగం వర్గాన్ని వ్యాసార్ధంతో భాగిస్తే 3.9 వస్తుంది. అంటే భూమి కిందికి లాగే దాంట్లో ఐదింట రెండు వంతుల బలంతో సమానం. స్వారీ చేసేవాడు నిలువు నుంచి ఇరవై రెండు డిగ్రీల దాకా లోపలికి ఒరగాలి. నలభై ఏళ్ళు లెక్కలు చెప్పాను, ఇంత చక్కని ఉదాహరణ పాఠ్యపుస్తకంలో ఎక్కడా చూడలేదు.

పల్నాటి_పిల్ల
బాగుంది మాస్టారూ. కానీ మావైపు తాడు మీద నడిచే ఆడపిల్లకు గుర్రమూ లేదు, బరీ లేదు. కర్ర ఒక్కటే.

లెక్కల_మాస్టారు
నిజమేనమ్మా. ఆ కర్ర లెక్క ఇంకా కష్టం. ఇంకోరోజు చెబుతాను.

రైలుబండి_రాజు
నా ఉద్దేశంలో తేడా విద్యలో లేదు, డబ్బు ఎప్పుడు అడుగుతారన్న దాంట్లో ఉంది. మన దగ్గర ఆట ముందు, జోలె తర్వాత. చూసినవాడు ఇస్తే ఇచ్చినట్టు, లేకపోతే లేదు. సర్కస్‌లో టికెట్టు ముందు, ఆట తర్వాత. టికెట్టు ముందు అమ్మాలంటే బయటి నుంచి ఆట కనపడకూడదు. అందుకే గోడ కావాలి. ఊరూరా తిరిగేవాడికి మోసుకెళ్ళే గోడ కావాలి. 1825లో అమెరికాలో జాషువా పర్డీ బ్రౌన్ అనే ఆయన గుడ్డ డేరాలో సర్కస్ ఆడించాడు. అంతకుముందు అక్కడ చెక్కలతో కట్టిన ప్రాంగణాల్లో ఆడేవాళ్ళు. ఒకచోట కట్టి, నెలలు ఆడి, వదిలేసి పోవాల్సిందే. డేరా వచ్చాక ఈ రాత్రి ఇక్కడ, రేపు పొద్దున ఇంకో ఊళ్ళో.

తర్వాత రైలు. 1872లో విలియం కూప్ అనే ఆయన పట్టుబట్టి సర్కస్ మొత్తాన్ని రైలెక్కించాడు. అరవైకి పైగా బోగీలు. బళ్ళను ఒక్కొక్కటిగా పక్కనుంచి ఎత్తి దించితే తెల్లారిపోతుంది. అందుకని చదును బోగీల వరస చివర వాలుబల్ల పెట్టి, బోగీకీ బోగీకీ మధ్య రేకులు పరిచి, తాళ్ళతో, కప్పీలతో, గుర్రాలతో బళ్ళను ఆ చివర నుంచి ఈ చివరకు లాగేవాళ్ళు. దించే వరసకు తగ్గట్టే ఎక్కించే వరస. వంటబండి ముందు దిగాలి, ఎందుకంటే పనివాళ్ళకు టిఫిన్ కావాలి. నేను గూడ్స్ యార్డులో పాతికేళ్ళు పనిచేశాను. ఆ పద్ధతి చదివినప్పుడు లేచి నిలబడి దండం పెట్టాలనిపించింది.

సీతాఫలం
ఇదంతా బార్నమ్ చేసింది కాదా? సర్కస్ అంటే బార్నమ్ అనే విన్నాను.

బారబూ_వనజ
కాదు సీతాఫలం. రాజు గారు చెప్పిన కూప్ ఆయన భాగస్వామే. బార్నమ్ 1810లో పుట్టాడు, డేరా సర్కస్‌లోకి దిగింది 1871లో. అప్పటికి అరవై దాటాయి. అంతకుముందు న్యూయార్క్‌లో వింతల మ్యూజియం నడిపాడు. కూప్, డాన్ కాస్టెల్లో వచ్చి ఆయన పేరు కావాలని అడిగారు. సరుకు వాళ్ళది, పేరు ఈయనది. తర్వాత 1881లో బార్నమ్ జేమ్స్ బెయిలీ కంపెనీతో కలిసి, ఒకే డేరాలో ఒకేసారి మూడు బరులు నడిపించారు. పెద్దలకు యాభై సెంట్లు, పిల్లలకు పాతిక.

నేను ఉండేది విస్కాన్సిన్‌లో, బారబూకు దగ్గర. 1884లో రింగ్లింగ్ అన్నదమ్ములు సర్కస్ మొదలుపెట్టిన ఊరది. చలికాలం జంతువులతో, బళ్ళతో వాళ్ళు తలదాచుకున్న చోటే ఇప్పుడు సర్కస్ మ్యూజియం. ఊరేగింపు బళ్ళు రెండొందలకు పైగా ఉన్నాయి. బంగారు పూత, సింహాల బొమ్మలు, చక్రాల మీద సూర్యుడి కిరణాలు. మా అత్తగారు ఇండియా నుంచి వచ్చినప్పుడు తీసుకెళ్ళాను. ఒక బండి ముందు నిలబడిపోయి, 'ఇది మన రథమే కదే అమ్మాయ్' అన్నారు. డేరా లోపలికి రాలేనివాళ్ళకు ఆ ఊరేగింపే ఉచితంగా దొరికిన సర్కస్. ఊరు మొత్తం వీధిలోకి వచ్చేదట.

చదువరి
వనజ గారూ, జంబో సంగతి చెప్పండి. చాలామందికి అది ఒక ఏనుగు పేరని తెలియదు.

బారబూ_వనజ
తలుచుకుంటే నాకు కడుపులో తిప్పుతుంది, అయినా చెబుతాను. ఆఫ్రికాలో పసికూనగా పట్టుకున్నారు. పారిస్ మీదుగా 1865లో లండన్ జూకు చేరింది. పదిహేడేళ్ళు పిల్లల్ని వీపు మీద ఎక్కించుకుని తిప్పింది. 1882లో బార్నమ్‌కు రెండు వేల పౌండ్లకు అమ్మేశారు. అమ్మొద్దని పిల్లలు రాణికి ఉత్తరాలు రాశారు. ఆగలేదు. 1885 సెప్టెంబరు 15 రాత్రి, కెనడాలోని సెయింట్ థామస్ ఊళ్ళో, ఆట అయ్యాక పట్టాల వెంట నడిపించుకెళ్తుంటే గూడ్స్ రైలు గుద్దింది. చిన్నప్పటి నుంచి దాన్ని సాకిన మాథ్యూ స్కాట్ పక్కనే ఉన్నాడు. తర్వాత దాని తోలును చెక్క చట్రం మీద తొడిగి ఒకచోట, ఎముకలు ఇంకోచోట ప్రదర్శనకు పెట్టారు. చచ్చాక కూడా టికెట్టే.

పల్నాటి_పిల్ల
జంబో ప్యాక్ చిప్స్ కొనేటప్పుడు ఇకనుంచి ఇదే గుర్తొస్తుంది.

సీతాఫలం
నాకూ. మా వాడికి ఈ కథ ఇప్పుడే చెప్పను, ఏడుస్తాడు.

డేరా_బిడ్డ
రాజు గారు డేరా, టికెట్టు అన్నారు కాబట్టి మాట కలుపుతున్నా. మాది సురభి కుటుంబం. ఇప్పుడు నేను ఆడటం లేదు, మా పెద్దమ్మ పిల్లలు ఆడుతున్నారు. మా పెద్దలు తోలుబొమ్మలాట ఆడుకుంటూ ఊరూరా తిరిగినవాళ్ళు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో ఒక పెళ్ళి సందర్భంగా, బొమ్మల బదులు మనుషులే వేషాలు కట్టి 'కీచకవధ' ఆడారు. ఆడవేషాలు ఆడవాళ్ళే వేశారు. ఆ రోజుల్లో అది ఎంత ధైర్యమో ఆలోచించండి. తర్వాత వనారస గోవిందరావు గారి హయాంలో కుటుంబాలు పెరిగి నాటక సమాజాలు పదులకొద్దీ అయ్యాయి.

మా డేరాలోనూ తీగల మీద మనుషులు ఎగిరేవాళ్ళు, మంటలు లేచేవి, ఘటోత్కచుడు గాల్లో వచ్చేవాడు. సర్కస్ అనలేదు, నాటకం అన్నారు. కానీ గుంజలు పాతడం, వానొస్తే పరదా బరువెక్కి కిందికి జారడం, అద్దె కట్టలేక డేరా తాకట్టు పెట్టడం, పుట్టిన పిల్లను పెట్టె మీద పడుకోబెట్టి తల్లి సీనులోకి వెళ్ళడం... ఇవన్నీ ఒకటే. నేను పుట్టింది కూడా డేరాలోనే. బర్త్ సర్టిఫికెట్‌లో ఊరి పేరు మా నాన్న గుర్తున్నది చెప్పి రాయించాడు.

గోదారి_గట్టు
డేరా_బిడ్డ గారూ, ఇది మా అమ్మాయికి చదివి వినిపించాను. రెండోసారి చదవమంది.

గడ_మనవడు
చాలా రోజులుగా ఇక్కడ చదవడమే తప్ప రాసింది లేదు. ఇవాళ రాస్తాను.

మా తాత గడ ఎక్కేవాడు. ఆయన కంటే మా తాత అక్క బాగా ఎక్కేదట. ఊరి బయట మర్రి కింద దిగేవాళ్ళు. పెద్దమనిషి దగ్గరికెళ్ళి ఆట పెట్టుకుంటామని అడగాలి. సరే అంటే మర్నాడు పొద్దున్నే గుంట తవ్వి గడ నిలబెట్టేవాళ్ళు. నాలుగు వైపులా తాళ్ళు లాగి మేకులు కొట్టాలి. ఏ తాడు ఎంత బిగువుండాలో డప్పు కొట్టేవాడు చేత్తో మీటి చెప్పేవాడు. పైకి ఎక్కి, గడ కొసన పొట్ట ఆనించి, చేతులూ కాళ్ళూ చాపి గిర్రున తిరగడం ఆఖరి ఆట. ఆమె పైన తిరుగుతుంటే కింద డప్పు ఆగకూడదు. డప్పు లయ తప్పితే పైన ఊపిరి తప్పుతుంది. కోతలయ్యాక అయితే వడ్లు కొలిచేవాళ్ళు, మిగతా రోజుల్లో పాత చీరలు, చద్దన్నం.

మీరందరూ 'దొమ్మరులు' అని రాస్తున్నారు, మంచి మనసుతోనే. ఆ పేరు మాదే, సిగ్గు లేదు. కానీ తెలుగులో ఆ మాటను తిట్టుగా ఎన్నిసార్లు వాడతారో గమనించండి. ఇంట్లో ఆడపిల్ల గెంతితే 'ఏంటా దొమ్మరి వేషాలు' అంటారు. క్రికెట్‌లో క్యాచ్ కోసం దూకితే 'సర్కస్ ఫీట్' అని మెచ్చుకుంటారు. చేసింది ఒకటే. బడిలో నన్ను ఆ మాటతో పిలిచినవాళ్ళలో ఇప్పుడు నాకు మంచి స్నేహితులు ఉన్నారు. అయినా ఆ మాట వినిపించినప్పుడల్లా తల తిప్పి చూస్తాను.

రాజు గారు చెప్పిన టికెట్టు మాట నిజం. ఇంకోటి కలుపుకోండి. వాళ్ళు ఊరూరా తిరిగితే రైల్వే వాళ్ళు ప్రత్యేక బండి ఇచ్చారు. మనవాళ్ళు ఊరూరా తిరిగితే పోలీసులు పేర్లు రాసుకున్నారు. 1871లో క్రిమినల్ ట్రైబ్స్ చట్టం తెచ్చింది అప్పటి ప్రభుత్వమే. 1911 నాటికి అది మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. ఇల్లు లేకుండా తిరగడమే అనుమానానికి చాలు. డేరా ఉన్నవాడు కళాకారుడు, డేరా లేనివాడు దొంగ.

కడప_కారం
మనవడు గారూ, నిన్న మా పాపను నేనే ఆ మాట అన్నాను. మంచం మీద గెంతుతోందని. ఇక అనను.

పల్నాటి_పిల్ల
మా అమ్మమ్మ నోట రోజూ ఉండేది. నాకెప్పుడూ తట్టలేదు.

మలబార్_మురళి
నేను తెలుగువాణ్ణే, ఉద్యోగం కన్నూరులో. మన దేశంలో డేరా సర్కస్ ఎలా మొదలైందో ఇక్కడ చిన్నపిల్లలు కూడా చెబుతారు. మహారాష్ట్రలో కురుంద్వాడ్ సంస్థానంలో విష్ణుపంత్ ఛత్రే అనే ఆయన గుర్రాల శిక్షకుడు. జిసెప్పి చియారిని అనే ఇటలీ ఆయన సర్కస్ బొంబాయికి వచ్చినప్పుడు రాజావారితో కలిసి చూశాడు. ఇలాంటిది నడపడం ఇండియావాళ్ళ వల్ల కాదని చియారిని అన్నాడని, ఛత్రేకి అది గుచ్చుకుందని అంటారు. 1880లో 'గ్రేట్ ఇండియన్ సర్కస్' ఆడించాడు. 1880ల చివర్లో కేరళలోని తలశ్శేరి వచ్చినప్పుడు కీలేరి కుంజికణ్ణన్ పరిచయమయ్యాడు. ఆయన బాసెల్ మిషన్ బడిలో వ్యాయామం నేర్పేవాడు, కేరళ యుద్ధవిద్య కళరి తెలిసినవాడు. 1901లో తలశ్శేరి దగ్గర చిరక్కరలో సర్కస్ బడే పెట్టాడు. ఇరవయ్యో శతాబ్దంలో మన ఊళ్ళకు వచ్చిన సర్కసుల్లో మలయాళీలు అంతమంది ఎందుకుండేవాళ్ళో ఇదీ కారణం.

కాబట్టి గోదారి_గట్టు గారూ, చియారిని దగ్గర చూసింది బరి, డేరా, టికెట్టు. ఒళ్ళు వంచే విద్య మాత్రం కళరి నుంచి వచ్చింది. మీ అమ్మాయి మాటలో సగం నిజముంది.

నాగావళి_నీళ్ళు
కోడి రామమూర్తి నాయుడు గారిని మర్చిపోతే ఊరుకోను. మా వీరఘట్టంలో పుట్టారు. విజయనగరంలో పెరిగి, వ్యాయామం నేర్పి, తర్వాత సొంతంగా సర్కస్ పెట్టారు. ఛాతీ మీద ఏనుగును ఎక్కించుకోవడం, ఒంటికి కట్టిన గొలుసును ఊపిరి బిగించి తెంచడం. 'కలియుగ భీముడు' అన్నారు. అది 20వ శతాబ్దం మొదట్లో సంగతి కాబట్టి మీరు మాట్లాడుకునే కాలానికి కొంచెం ఇవతల. అయినా విశాఖ బీచ్ రోడ్డులో ఆయన విగ్రహం ముందు నుంచి రోజూ పోయేవాళ్ళు కూడా 'ఎవరో పహిల్వాన్' అంటుంటే బాధేస్తుంది.

రైలుబండి_రాజు
నీళ్ళు గారు కాలం సంగతి ఎత్తారు కాబట్టి ఒక్క మాట. గోదావరి మీద హేవ్‌లాక్ వంతెన 1900లో తెరుచుకుంది. అంతకుముందు బెజవాడ వైపు నుంచి వచ్చే సామానంతా గోదావరి దగ్గర రైలు దిగి, పడవలెక్కి, అవతల మళ్ళీ రైలెక్కాలి. ఏనుగులూ, పులుల బోనులూ, గుంజలూ ఉన్న కంపెనీకి అది ఎంత పనో ఊహించుకోండి. వంతెన కట్టాక మద్రాసు నుంచి కలకత్తా దాకా ఒకటే దారి. మన కోస్తా ఊళ్ళకు పెద్ద డేరాలు రావడానికి దారి అప్పుడు పడింది.

లండన్_లక్ష్మి
అందరూ అక్కడి నుంచి ఇక్కడికి వచ్చినవాళ్ళనే చెబుతున్నారు. ఇక్కడి నుంచి వెళ్ళినవాళ్ళూ ఉన్నారు. రామో సామీ. పేరు చూస్తేనే తెలుస్తోంది, మన రామస్వామి. 1810లలో లండన్ వచ్చాడు. నాలుగు ఇత్తడి బంతులు గాల్లో ఆడించడం, కత్తి మింగడం, నోట్లో పూసలు వేసుకుని నాలుకతోనే దారానికి గుచ్చడం. అమెరికా కూడా వెళ్ళి ఆడాడు. నాటకశాలల్లో, సంతల్లో ముప్పై ఏళ్ళకు పైగా ఆడి, 1850లో లండన్‌లో చనిపోయాడు. పూడ్చడానికి డబ్బు లేక భార్య పత్రిక ద్వారా సాయం అడిగింది. నేను ఈ ఊళ్ళో ఇరవై ఏళ్ళుగా ఉంటున్నాను. ఆ సంగతి చదివాక కొన్ని రోజులు ఏ వీధిలో నడుస్తున్నా ఆయనే గుర్తొచ్చాడు.

ఇక బార్నమ్ గురించి వనజ గారు మెత్తగా రాశారు. 1835లో జాయిస్ హెత్ అనే నల్లజాతి ముసలమ్మను, ఆమె బానిస, జార్జ్ వాషింగ్టన్‌ను పెంచిన దాది అనీ, వయసు 161 అనీ చెప్పి టికెట్టు పెట్టి చూపించాడు. మరుసటి ఏడు ఆమె చనిపోతే, శవాన్ని జనం ముందు కోయించి దానికీ డబ్బు వసూలు చేశాడు. ఎనభై ఏళ్ళకు మించదని కోసిన డాక్టరు తేల్చాడు. ఆయన షో బిజినెస్ మొదలైంది అక్కడ.

బారబూ_వనజ
లక్ష్మి గారూ, ఒప్పుకుంటున్నాను, ఆ సంగతి ముందే రాయాల్సింది. కానీ ఆ డేరాలు మొత్తం పాపమే అనలేను. పారిస్‌లో 1859లో మొదటిసారి ఊయల నుంచి ఊయలకు ఎగిరిన లియోటార్డ్‌ను చూడండి. తండ్రి వ్యాయామశాలలో ఈత కొలను మీద ఊయలలు కట్టుకుని, పడితే నీళ్ళలో పడేలా సాధన చేశాడు. వాళ్ళ కష్టాన్ని బార్నమ్ ఖాతాలో ఎందుకు వేయాలి?

లండన్_లక్ష్మి
వేయొద్దు. నేను చెప్పేదీ అదే. ఎగిరినవాడి పేరు వేరు, టికెట్టు అమ్మినవాడి పేరు వేరు. మనం రెండోవాడి పేరే బట్టీ పడుతున్నాం.

గోదారి_గట్టు
అమ్మాయి ప్రాజెక్టు మళ్ళీ రాసింది. 'సర్కస్ మొదట మన దగ్గరే పుట్టింది' అన్న వాక్యం తనే తీసేసింది. 'బరి, డేరా, టికెట్టు అక్కడ పుట్టాయి. గడ ఇక్కడ ఉంది' అని రాసింది. మాస్టారి లెక్క బొమ్మతో సహా వేసింది. రామస్వామికి ఒక పేజీ. టీచరు ఈసారి గీత కొట్టలేదు. గడ గురించి ఇంకా తెలిస్తే క్లాసులో చెప్పమన్నారట.

మనవడు గారూ, ఆమె ఒక ప్రశ్న అడగమంది. మీ తాతగారి అక్క ఎక్కిన గడ ఎంత పొడుగు? బొమ్మ గీయాలట, కొలత సరిగ్గా ఉండాలంటోంది.

గడ_మనవడు
నిన్న ఆదివారం ఊరెళ్ళాను. ఆ గడ ఇప్పుడు మా చిన్నాన్న పశువుల పాకలో వాసంగా ఉంది. పాకకు సరిపడా కొస కోసేశారు. మిగిలింది టేపుతో కొలిచాను, పందొమ్మిది అడుగుల నాలుగు అంగుళాలు. కోసిన ముక్క రెండు బారలు ఉంటుందని చిన్నాన్న అన్నాడు. అంటే ముప్పై అడుగులకు కాస్త అటూ ఇటూ. తాళ్ళు ఒరుసుకున్న చోట వెదురు నున్నగా, నల్లగా అయింది. ఫోటో తీశాను, మీకు విడిగా పంపుతాను. పాపను ఆ నలుపు కూడా గీయమనండి.